యూ పర్సెంట్ బాగానే ఉంది, గుడ్డలో మాత్రం చెక్క గీతలు. సెన్సార్ తప్పా, మా తప్పా?

ల్యాబ్_నైట్‌షిఫ్ట్:

చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో క్యూసీ ల్యాబ్‌లో మూడేళ్లుగా చేస్తున్నా. తల పట్టుకునే పరిస్థితి వచ్చింది, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మేం తీసేది 40 కౌంట్ (ఈ అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం) కోంబ్డ్, అంటే పొట్టి పీచు దువ్వి తీసేసిన నూలు, నేతకు వెళ్తుంది. నూలు వడికే ఒక్కో రింగ్‌ఫ్రేమ్‌కు 1200 స్పిండిళ్లు. రోజూ ఫ్రేముకు పది కాప్‌లు (ఒక్కో స్పిండిల్ మీద నూలు చుట్టుకున్న కండెలు) తెచ్చి, నూలు సమానంగా ఉందో లేదో కొలిచే ఈవెన్‌నెస్ టెస్టర్ మీద నిమిషానికి 400 మీటర్ల స్పీడ్‌లో ఒక్కో నిమిషం తిప్పుతాం. నూలులో హెచ్చుతగ్గులు ఎంత ఉన్నాయో చెప్పే యూ పర్సెంట్ 9.6, సీవీ 12 చుట్టూ వస్తోంది. థిన్ ప్లేసులు (మరీ సన్నబడ్డ చోట్లు) దాదాపు లేవు, థిక్‌లు (లావైన చోట్లు), నెప్స్ (చిన్న పీచు ముడులు) మా లిమిట్ లోపలే. రిపోర్ట్ చూసి ఎవరూ వంక పెట్టలేరు.

అయినా మహారాష్ట్రలో మా నూలు కొనే ఇచల్‌కరంజి పార్టీ నుంచి ఫిర్యాదు. వాళ్లు ఎయిర్‌జెట్ మగ్గాల మీద 132 బై 72 గుడ్డ (అంగుళానికి పడుగు 132, పేక 72 పోగులు), 63 అంగుళాల వెడల్పు, నేస్తారు. మా నూలు పేకకు వాడతారు. గుడ్డ బాగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒక డెబ్బై, డెబ్బై అయిదు సెంటీమీటర్ల మేర చెక్క పలక మీద గీతల్లా నీడలు పడుతున్నాయట, తర్వాత మళ్లీ మామూలు. ఫొటోలు పంపారు, నిజంగానే ఉన్నాయి. డెబిట్ నోట్ పంపి నష్టం మా బిల్లులో కోస్తామంటున్నారు.

మా మేనేజర్ "మిషన్ అబద్ధం చెబుతోందా, నువ్వు చెబుతున్నావా" అని అందరి ముందూ అడిగాడు. సెన్సార్ కాలిబ్రేషన్ పోయిందేమో, సర్వీస్ ఇంజినీరును పిలిపిద్దాం అంటున్నారు. ఇంకో సంగతి, రాత్రి షిఫ్ట్‌లో అదే ఫ్రేమ్ కాప్‌లకు సీవీ 0.3, 0.4 ఎక్కువ వస్తోంది. రాత్రిపూట ల్యాబ్ ఏసీ ఆపేస్తారు. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

దారం_తేడా:

బ్రదర్, సింపుల్. థిక్, థిన్ లిమిట్లు టైట్ చెయ్యండి. సగటు కంటే మైనస్ 50 శాతం బదులు మైనస్ 40 దగ్గర, ప్లస్ 50 బదులు ప్లస్ 35 దగ్గర లెక్కపెట్టండి, తప్పు బయటపడుతుంది. మా దగ్గర అలాగే చేశాం. ముందు సెన్సార్ స్లాట్‌లో దూది పేరుకుందేమో చూడండి, గాలి కొట్టండి, గోరు గానీ బ్లేడు గానీ పెట్టకండి.

పాత_స్పిన్నర్:

తమ్ముడూ, గాలి కొట్టమన్నది మంచి మాటే, కానీ లిమిట్లు టైట్ చేసినా ఇది దొరకదు. ముప్పై ఏళ్లు ఈ దుమ్ములోనే ఉన్నాను, నువ్వు చెప్పిన ఫిర్యాదు చదవగానే ఇది పీరియాడిక్ ఫాల్ట్ అని తెలిసిపోయింది. చెక్క గీతల్లాగా అన్నావు చూడు, ఆ మాటే చాలు. ఒకే దూరంలో మళ్లీ మళ్లీ లావు, సన్నం, లావు, సన్నం వచ్చే నూలు పేకలో పడితే ఒక పోగులోని లావు పక్క పోగులోని లావు పక్కన కొంచెం జరిగి కూర్చుంటుంది, అలా వందల పోగులు పేర్చుకుంటూ పోతే కంటికి చెట్టు కాండం కోసినట్టు కనిపిస్తుంది. అదే తేడా ఎలా పడితే అలా వచ్చే నూలులో ఉంటే గుడ్డలో కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు.

మరి మిషన్ ఎందుకు పట్టలేదు అంటావా, పట్టింది, నువ్వు అడిగిన చోట చెప్పలేదంతే. లెక్క చూడు. నీ నూలు సహజమైన సీవీ 12. దాని మీద 3 శాతం సీవీ ఉన్న పీరియాడిక్ వచ్చిందనుకో. రెండూ కూడవు, వర్గాలు కూడతాయి. 144కు 9 కలిపి వర్గమూలం తీస్తే 12.37. అంటే లావు, సన్నం అటూ ఇటూ 4 శాతం ఊగుతూ గుడ్డను పాడు చేస్తుంటే, నీ రిపోర్టులో 12 కాస్తా 12.4 అవుతుంది. పది కాప్‌ల సగటులో ఆ ఒక్కటి మునిగిపోతుంది. పైగా నువ్వే చెప్పావు, రాత్రి ఏసీ ఆపితే 0.4 తేడా వస్తోందని. ఏసీ తేడా ఎంతో తప్పు తేడా అంతే, ఇంక దాన్ని ఎవరు పట్టుకుంటారు? ప్లస్ 35 లిమిట్ పెట్టినా అంతే, 4 శాతం ఊగేది ఆ గీత దాకా పోదు.

స్పెక్ట్రోగ్రామ్ తియ్యి. ఆ పేజీ ప్రింట్ ఇవ్వడం మానేసి ఉంటారు, చాలా మిల్లుల్లో అంతే, పేపర్ దండగ అంటారు. పొడవు వారీగా తేడా ఎంత ఉందో చూపించే బొమ్మ అది. దాంట్లో మెల్లగా లేచి మెల్లగా దిగే కొండ కనిపిస్తే డ్రాఫ్టింగ్‌లో, అంటే రోలర్ల మధ్య సాగదీసేటప్పుడు, పీచు అదుపు తప్పుతోందని అర్థం, అక్కడ పీచును పట్టి ఉంచే ఏప్రాన్, క్రెడిల్ గ్యాప్ చూసుకోవాలి. ఒక్క చోట సూటిగా చిమ్నీలా లేస్తే ఏదో రోలరో, గేరో గుండ్రంగా తిరగట్లేదన్న మాట. చిమ్నీ ఎక్కడ లేచిందో చూసి ఏ రోలరో చెప్పేయొచ్చు. రింగ్‌ఫ్రేమ్ ఫ్రంట్ బాటమ్ రోలర్ 27 మిల్లీమీటర్లు అయితే చుట్టుకొలత 8.5 సెంటీమీటర్లు, అక్కడే చిమ్నీ. టాప్ రోలర్ 28 అయితే 8.8. బ్యాక్ రోలర్‌ది అయితే డ్రాఫ్ట్‌తో, అంటే ఎన్ని రెట్లు సాగదీస్తున్నారో దానితో, గుణించాలి, డ్రాఫ్ట్ 30 అనుకుంటే రెండున్నర మీటర్ల దగ్గర కనిపిస్తుంది. ఇంకా వెనక్కి పోయి, రింగ్‌ఫ్రేమ్‌కు రెండు మెట్ల ముందుండే డ్రా ఫ్రేమ్ మిషన్‌లో ఫ్రంట్ రోలర్ 40 మిల్లీమీటర్లది వంకర అయితే, మధ్యలో ఉండే సింప్లెక్స్ మిషన్ డ్రాఫ్ట్ 9, రింగ్ డ్రాఫ్ట్ 30 వేసుకుంటే నూలులో 34 మీటర్ల దగ్గర తేలుతుంది. నువ్వు తిప్పే 400 మీటర్లలో అది పన్నెండు సార్లు కూడా రాదు, దాన్ని నమ్మకంగా చూడాలంటే కనీసం 1000 మీటర్లు తిప్పాలి.

ఇక నీ గుడ్డ సంగతి. ఆ డెబ్బై సెంటీమీటర్లు ఊరికే వచ్చిన అంకె కాదు. 40 కౌంట్ అంటే కిలోమీటరుకు 14.8 గ్రాములు. మీ కాప్ 50 గ్రాములు ఉంటుందనుకుంటే 3.4 కిలోమీటర్ల నూలు. 63 అంగుళాల గుడ్డకు అంచు వేస్ట్ కలుపుకుని పోగుకు 1.7 మీటర్లు పోతుంది, అంటే 2000 పోగులు. అంగుళానికి 72 పోగులు వేస్తే 28 అంగుళాలు, 71 సెంటీమీటర్లు. సరిగ్గా ఒక్క కాప్! చాలా కాప్‌లు కలిపి చుట్టిన కోన్ మొత్తం చెడిపోలేదు, కోన్ లోపల ఒక్క కాప్ చెడ్డది. ఇంక ఫ్రేమ్ అంతా బాగుండి ఒకటో రెండో స్పిండిళ్లు పాడయ్యాయన్న మాట. బాటమ్ రోలర్ అయితే వరసగా బోలెడు స్పిండిళ్లకు తగిలేది. టాప్ రోలర్ అయితే ఒకదానికి, మహా అయితే పక్కదానికీ. నా పందెం టాప్ రోలర్ మీదే. కాట్స్, అదే టాప్ రోలర్ రబ్బరు తొడుగులు, ఈ మధ్య బఫింగ్ (పైపైన అరగదీసి నున్నగా) చేశారా?

పది కాప్‌లు తీస్తే ఎందుకు దొరకలేదో కూడా చూసుకో. 1200లో 2 చెడ్డవి, నువ్వు తీసేది 10. అరవై సార్లు తీస్తే ఒకసారి దొరుకుతుంది. రోజూ తీసినా రెండు నెలలు.

సెన్సార్_పిచ్చి:

నేను ఈసీఈ వాడిని, మిల్లు మనిషిని కాదు, మా నాన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి పని చేస్తాడు కాబట్టి ఈ పిచ్చి పట్టింది. రాత్రి సీవీ గురించి చెప్తా.

మీ టెస్టర్‌లో ప్రధాన సెన్సార్ ఒక కెపాసిటర్. రెండు ప్లేట్లు, వాటి మధ్య నుంచి నూలు పోతుంది. సుమారు 8 మిల్లీమీటర్ల పొడవు ఫీల్డ్, అందులో ఎంత పదార్థం ఉంటే కెపాసిటెన్స్ అంత మారుతుంది, పికోఫారడ్‌లో చాలా చిన్న భాగం అది, దాన్నే పెద్దది చేసి గ్రాఫ్ గీస్తుంది. అంటే అది నూలు లావును చూడట్లేదు, బరువును చూస్తోంది. ఇక్కడే నీటితో చిక్కు. ప్లేట్ల మధ్య ఉన్న పదార్థం కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే డైఎలెక్ట్రిక్ విలువ గాలికి 1, నీళ్లకు 80 చుట్టూ. పత్తి పీచు నీటి ముందు ఏ మూలకూ రాదు. కాబట్టి నూలులో ఒక చుక్క తేమ ఎక్కువైతే సెన్సార్‌కు అక్కడ నూలు లావైనట్టే అనిపిస్తుంది.

అయితే చాలామంది పొరబడేది ఇదే. కాప్ మొత్తం సమానంగా తడిగా ఉంటే సీవీ పెద్దగా మారదు, ఎందుకంటే సీవీ సగటుతో పోల్చి తీసేది, సగటూ పెరుగుతుంది తేడా కూడా అదే లెక్కన పెరుగుతుంది. కాప్ పై పొర ఒక రకంగా, లోపల పొర ఇంకో రకంగా ఉంటేనే దొంగ సీవీ వస్తుంది. రాత్రి ఏసీ ఆపగానే జరిగేది అదే, కాప్ బయట గాలి మారింది, లోపలికి ఇంకా చేరలేదు. కాప్‌లను ముందు రోజే తెచ్చి 65 శాతం తేమలో పెట్టి పూర్తిగా సర్దుకున్నాకే టెస్ట్ చెయ్యాలి. మనలాంటి వేడి దేశాలకు 20 డిగ్రీల బదులు 27 డిగ్రీలు ఒప్పుకుంటారు, కానీ తేమ మాత్రం అదే 65. షెడ్‌లోంచి తెచ్చి వెంటనే తగిలిస్తే ఏసీ ఉన్నా లాభం లేదు.

ఆప్టికల్ సెన్సార్లకు ఈ బాధ లేదు, అవి నీడను కొలుస్తాయి, తేమ పట్టించుకోవు. కానీ వాటికి వేరే బాధ. పురి తక్కువ పడి నూలు ఉబ్బితే బరువు అంతే ఉన్నా లావుగా చూపిస్తాయి. మన కళ్లకు కూడా అది లావుగానే కనిపిస్తుంది కదా అని వాటి తయారీదారులు వాదిస్తారు, అదీ నిజమే. మీ టెస్టర్‌లో హెయిరీనెస్ చూపించే హెచ్ విలువ కూడా వెలుతురుతో కొలిచేదే, ఒక సెంటీమీటరు నూలు మీద బయటికి పొడుచుకొచ్చిన పీచుల మొత్తం పొడవు ఎన్ని సెంటీమీటర్లో అది.

నేను ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఒక ఎల్ఈడీ, ఒక ఫోటోడయోడ్ పెట్టి చిన్నది కట్టాను. 40 కౌంట్ నూలు మందం 0.14 మిల్లీమీటర్లు ఉంటుంది, దాని నీడ పట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. కష్టం ఎక్కడొచ్చిందంటే, స్పెక్ట్రమ్ తీయగానే ఎంత మంచి నూలు పెట్టినా ఒక చిమ్నీ లేస్తోంది. వారం రోజులు నూలును తిట్టుకున్నా. తీరా చూస్తే అది గదిలో ట్యూబ్‌లైట్! పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. నేను నిమిషానికి 50 మీటర్లు లాగుతున్నా, అంటే సెకనుకు 83 సెంటీమీటర్లు, దాన్ని 100తో భాగిస్తే 8.3 మిల్లీమీటర్లు, చిమ్నీ సరిగ్గా అక్కడే. నల్ల గుడ్డ కప్పగానే పోయింది. మీ మిల్లు టెస్టర్‌లో సెన్సార్ కప్పి ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. కానీ ఏ మిషన్‌లో అయినా చిమ్నీ కనిపిస్తే, నిజమా కాదా తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. స్పీడ్ సగం చేసి మళ్లీ తిప్పండి. నూలులో ఉన్న తప్పు 8.5 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. కరెంటు నుంచో మిషన్ వణుకు నుంచో వచ్చేదైతే చోటు మారిపోతుంది.

కోనింగ్_మెయింటెనెన్స్:

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ల్యాబ్‌లో పది కాప్‌లు చూస్తారు సరే. కాప్‌లను కోన్‌గా చుట్టే ఆటోకోనర్ మీద ప్రతి స్పిండిల్‌కూ తప్పు నూలును పట్టి కోసేసే క్లియరర్ ఉంది, ప్రతి మీటరూ దాని సెన్సార్ ముందు నుంచే పోతుంది. అది ఏం చేస్తోంది మరి?

నేను చూసిన మిల్లుల్లో చెప్తున్నా, నెప్, పొట్టి థిక్, పొడవు థిక్, థిన్ ఛానెళ్లు పెట్టి వదిలేస్తారు. కొత్త క్లియరర్లలో పీరియాడిక్ తప్పుకూ, కాప్ మొత్తం సీవీ హద్దు దాటితే దాన్ని పక్కకు నెట్టడానికీ విడిగా అలారం ఉంటుంది. అది ఆన్ చేస్తే కట్‌లు పెరుగుతాయి, కాప్‌లు బయటికి వస్తాయి, కోనింగ్ ఎఫిషియెన్సీ రెండు పాయింట్లు పడిపోతుంది, మీటింగ్‌లో మా మీద పడతారు. అందుకని నైట్ షిఫ్ట్‌లో ఎవరో ఆఫ్ చేస్తారు, ఇంకెప్పుడూ ఆన్ చెయ్యరు. మీ దగ్గర కూడా ఆఫ్‌లో ఉందని నా అనుమానం. వెళ్లి చూసి చెప్పండి.

ఒక కోన్ 1.9 కిలోలు అనుకుంటే 38 కాప్‌లు కలిసి ఒక కోన్ అవుతుంది. 600 కాప్‌లకు ఒక చెడ్డది అంటే పదిహేను, పదహారు కోన్‌లకు ఒకటి. పార్టీ చెప్పే లెక్క దీనికి దగ్గరగా ఉందా?

మగ్గం_ఇల్లు:

మాది మంగళగిరి, చేనేత. మేం చిలపల్లో కొంటాం, మాకు టెస్టరూ లేదు, క్లియరరూ లేదు, వచ్చిన నూలు మీదే బతుకు. 80 కౌంట్‌లో ఇలాంటిది పడితే చీర సగం అయ్యాక తెలుస్తుంది, అప్పటికి చేసేదేం లేదు. మా పెద్దవాళ్లు చేసే పని ఒకటి చెప్తా, నల్ల అట్ట ముక్క మీద నూలును పక్కపక్కనే ఒక వంద చుట్లు చుట్టి పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూస్తారు. ఒకే దూరంలో వచ్చే తేడా ఉంటే అట్ట మీద ఏటవాలు నీడ కనిపిస్తుంది. ఇది పనికొచ్చే పద్ధతేనా, పెద్దవాళ్ల చాదస్తమా?

ఇంకో డౌట్, జరీ పోగును ఈ కెపాసిటర్ మిషన్‌లో పెట్టొచ్చా?

పాత_స్పిన్నర్:

చాదస్తం కాదమ్మా. మిల్లు ల్యాబుల్లో అదే పని నల్ల బోర్డు మీద చేస్తారు, ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం ఉండే బోర్డు కూడా ఉంది. చుట్టు చుట్టుకూ పొడవు మారుతూ పోతుంది కాబట్టి తప్పు ఏ పొడవులో వస్తున్నా ఎక్కడో ఒక చోట ఆకారం కట్టి తీరుతుంది. నువ్వు కూడా అట్టను కొంచెం కోణంగా కత్తిరించి చూడు, ఇంకా బాగా కనిపిస్తుంది.

జరీ మాత్రం వద్దు. లోహం ఉంటే ప్లేట్ల మధ్య కెపాసిటెన్స్ పూర్తిగా వేరే లెక్క, ఆ అంకెలకు అర్థం ఉండదు. జరీకి ఆప్టికల్ కావాలి, లేదా నీ అట్టే మేలు.

ల్యాబ్_నైట్‌షిఫ్ట్:

పదకొండు రోజులు అయింది, చెప్పినవన్నీ చేశాక రాస్తున్నా.

ముందు పార్టీ వెనక్కి పంపిన రెండు కోన్‌లను పొరలు పొరలుగా తిప్పాం. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో ఒక పొర దగ్గర చిమ్నీ లేచింది, 8 నుంచి 9 సెంటీమీటర్ల మధ్య. 200 స్పీడ్‌లో కూడా తిప్పాను, చోటు మారలేదు. ఆ పొర సీవీ ఎంతో తెలుసా, 12.5! సగటు చూసే కళ్లకు అది పాస్.

క్లియరర్ సంగతి కోనింగ్ అన్న చెప్పినట్టే. పీరియాడిక్ అలారం ఆఫ్‌లో ఉంది, ఎప్పటి నుంచో ఎవరికీ తెలియదు. మేనేజర్‌ను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆన్ చేసిన మొదటి షిఫ్ట్‌లో అది ఊరికే కాప్‌లను తోసేసింది, లిమిట్ మరీ బిగించామట, వదులు చేశాం. తర్వాత డాఫ్‌కు, అంటే ఫ్రేమ్ కాప్‌లన్నీ దించిన ప్రతిసారీ, రెండు చొప్పున రావడం మొదలైంది. మాది రింగ్‌ఫ్రేమ్‌కు కలిపి ఉన్న లింక్ కోనర్, కాప్‌లు స్పిండిల్ వరసలోనే వస్తాయి కాబట్టి సుమారుగా ఏ చోటివో అర్థమైంది. ఆ చోటు నుంచి 24 కాప్‌లు నంబర్ రాసి ల్యాబ్‌కు తెచ్చి తిప్పితే 417లో పెద్ద చిమ్నీ, 418లో చిన్నది, మిగతా 22 శుభ్రం.

టాప్ రోలర్ తీసి ఫిట్టర్ డయల్ గేజ్ పెట్టాడు. పోయిన బఫింగ్‌లో కాట్ మధ్యకు కూర్చోలేదు, ఒకవైపు రబ్బరు పలచగా ఉంది. పైకి చూస్తే కొత్తదానిలా మెరిసిపోతోంది. మార్చాక చిమ్నీ లేదు.

పాత స్పిన్నర్ గారూ, మీరు పందెం గెలిచారు. అదే రోజు బఫింగ్ చేసిన మిగతా రోలర్లు కూడా చూడమన్నాను, చూస్తున్నారు, ఇంకో మూడు అనుమానంగా ఉన్నాయట.

పార్టీతో డెబిట్ నోట్ గొడవ ఇంకా తేలలేదు. స్పెక్ట్రోగ్రామ్ ప్రింట్ మాత్రం మళ్లీ మొదలుపెట్టాం, కాప్‌లు ముందు రోజే తెచ్చి ల్యాబ్‌లో పెడుతున్నాం. రాత్రి ఏసీ ఇంకా ఆపేస్తూనే ఉన్నారు, కరెంటు బిల్లంట.

కోనింగ్_మెయింటెనెన్స్:

ఏసీ పోతే పోనీ, ఆ అలారం సెట్టింగ్‌కు పాస్‌వర్డ్ పెట్టించు.